మీకు తెలుసా? బెజవాడవాళ్ళబ్బాయి ఎక్కుతున్న మెట్లు

అమెరికా బేస్‌బాల్‌లో ఏటా కొత్త ఆటగాళ్ళను క్లబ్బులు పంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్ వేలంలా పాట ఉండదు. వరుస ప్రకారం ఒక్కో క్లబ్బు ఒక్కో పేరు చదువుతుంది, చదివిన పేరు ఆ క్లబ్బుది. 2023 జూలై 9న సియాటెల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో 20వ పేరు అర్జున్ నిమ్మల. చదివింది టొరంటో బ్లూ జేస్. అప్పటికి ఆ అబ్బాయికి 17 ఏళ్ళు. ఫ్లోరిడాలో టాంపా దగ్గరి డోవర్‌లో ఉన్న స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ విద్యార్థి. అమ్మానాన్నలది విజయవాడ. భారతదేశం నుంచి వలస వెళ్ళిన దంపతులకు పుట్టిన పిల్లవాడు తొలి రౌండ్‌లోనే ఎంపిక కావడం అదే మొదలు.

ఈ సంగతి చెబితే మన వరంగల్‌లో ఎవరైనా వెంటనే అడిగే ప్రశ్న ఒకటే: అయితే ఇప్పుడు ఏ జట్టుకు ఆడుతున్నాడు, టీవీలో వస్తాడా? అసలు కథ అక్కడే ఉంది. తొలి రౌండ్‌లో ఎంపికైన కుర్రాడు కూడా పెద్ద మైదానంలో కాలు పెట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ గడిచే చోటు పేరు మైనర్ లీగ్.

మన కోటనే తీసుకోండి. ఖిలా వరంగల్ చూడాలని బయల్దేరినవాళ్ళకు ముందు మట్టికోట వస్తుంది. అది దాటాక రాతికోట. దాని దర్వాజాలు మెలికలు తిరిగి లోపలికి వెళ్తేగాని కీర్తితోరణాలు కనబడవు. బేస్‌బాల్‌లో డ్రాఫ్ట్ అంటే మట్టికోట దగ్గర ఆటో దిగడం.

మీకు తెలుసా? అమెరికాలో, కెనడాలో కలిపి 30 పెద్ద క్లబ్బులుంటే, వాటి కింద 120 మైనర్ లీగ్ జట్లున్నాయి. ఒక్కో క్లబ్బుకు నాలుగు: సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. వీటన్నిటికంటే కింద, క్లబ్బు శిక్షణ మైదానాల్లోనే జరిగే కాంప్లెక్స్ లీగ్ ఒకటి. అక్కడ ప్రేక్షకులు అంతంత మాత్రం. ఎండ, మట్టి, కోచ్‌లు, నోట్‌బుక్కులు, అంతే. ఒక క్లబ్బు స్వదేశంలో ఉంచుకోగల మైనర్ లీగ్ ఆటగాళ్ళ సంఖ్యకు 2024 నుంచి 165 అని హద్దు పెట్టారు. పైన పెద్ద జట్టులో ఉండే కుర్చీలు 26. అవి కూడా ఖాళీగా ఉన్నవి కావు.

బ్లూ జేస్ మెట్లు ఇలా ఉంటాయి. అడుగున ఫ్లోరిడాలోని డనీడిన్. ఆ తర్వాత ఖండం ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చినట్టు కెనడా పడమటి తీరంలోని వాంకూవర్. డబుల్ ఏకి మళ్ళీ తూర్పు తీరం, న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్. ట్రిపుల్ ఏ బఫలోలో. బఫలో నుంచి టొరంటో నగరం రోడ్డు మీద రెండు గంటలు, మనకు హైదరాబాద్ ఎంతో దాదాపు అంతే. ఆ రెండు గంటల దూరం దాటలేక ఆట మానేసినవాళ్ళు వందల్లో ఉంటారు.

అర్జున్ 2023లో కాంప్లెక్స్ లీగ్‌లో మొదలయ్యాడు. ఆడిన కొద్ది ఆటల్లో హిట్లకంటే వాక్‌లే ఎక్కువ. హిట్ అంటే బంతిని కొట్టి బేస్ చేరడం. వాక్ అంటే ఏమిటో చెప్పాలి. బౌలర్ లాంటి పిచ్చర్ సరైన చోట వేయని బంతులు నాలుగు వదిలేస్తే బ్యాటర్ నడుచుకుంటూ, పరుగు దారిలో తొలి మజిలీ అయిన మొదటి బేస్‌కు వెళ్ళిపోవచ్చు. ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదలడం మన ఆటలో ఎంత విద్యో ఇదీ అంతే. 17 ఏళ్ళ కుర్రాడు చెయ్యి కట్టేసుకుని నిలబడగలగడం చూసేవాళ్ళకు చప్పగా ఉంటుంది, కోచ్‌లకు మాత్రం అది బంగారం.

2024లో డనీడిన్ చేరాడు. సొంతింటికి గంట దూరంలోని మైదానం, సొంత గాలి, సొంత ఎండ. అయినా సీజన్ మొదట్లో బంతి బ్యాటుకు తగల్లేదు. మే నెలలో అతన్ని ఆటలోంచి తప్పించి మళ్ళీ కాంప్లెక్స్ లీగ్‌కు దింపారు. పదోక్లాసు పిల్లవాణ్ణి తొమ్మిదిలో కూర్చోబెట్టినట్టు. అక్కడ బ్యాటింగ్ సరిచేసుకుని డనీడిన్‌కు తిరిగొచ్చి, ఆ ఏడు ముగిసేసరికి హోం రన్ల, అంటే మన సిక్సర్లాంటి దెబ్బల, లెక్కను రెండంకెలకు చేర్చాడు. 2025లో వాంకూవర్‌కు, హై ఏ మెట్టుకు వెళ్ళాడు. నాకు ఈ అబ్బాయి కథలో 20వ ఎంపిక కన్నా ఆ మే నెల ముఖ్యం. కిందికి దించితే కోపం తెచ్చుకోకుండా, అమ్మానాన్నలకు ఫోన్లో ఏం చెప్పుకోవాలో తెలియని వయసులో, పొద్దున్నే లేచి మళ్ళీ బ్యాటు పట్టుకోవడం చిన్న విషయం కాదు.

అసలు అంత కష్టమా ఆ బంతిని కొట్టడం? మా బాబాయి కొడుకు డాలస్ నుంచి వస్తూ ఒక బేస్‌బాల్ తెచ్చి ఇచ్చాడు. చేతిలో పట్టుకుంటే మన కార్క్ బాల్ కంటే తేలిగ్గా ఉంటుంది: అది 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి 156 నుంచి 163. తెల్లటి తోలు, దానిమీద ఎర్రదారంతో 108 జంట కుట్లు. మన బంతి కుట్టు నడుముకు కట్టిన మొలతాడులా ఒకే చుట్టు తిరుగుతుంది. దీని కుట్టు గుర్రపులాడం ఆకారంలో బంతినంతా చుట్టేసి ఉంటుంది. వేళ్ళు ఎక్కడ పెట్టినా ఏదో ఒక కుట్టు తగులుతుంది. అందుకే అది గాలిలోనే పక్కకు తిరుగుతుంది, కిందికి జారుతుంది, ఒక్కోసారి బ్యాటు దగ్గరికొచ్చి మాయమైనట్టు పడిపోతుంది.

ఒక ఆదివారం పొద్దున ఆ బంతి పట్టుకుని సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్ళాను. ఎప్పటిలాగే ఒకే గ్రౌండ్‌లో ఐదారు మ్యాచ్‌లు, ఒకరి మిడ్‌వికెట్‌లో ఇంకొకరి స్లిప్. పిల్లల దగ్గర వికెట్‌గా పాతిన గుండ్రటి కర్ర ఒకటి ఉంటే అదే పీకి బ్యాటు చేశాం. ఫాస్ట్ బౌలింగ్ వేసే పొడుగు పిల్లవాడొకడు టప్పా పడకుండా విసిరాడు. కొట్టేవాడు తొమ్మిదో తరగతి, వాళ్ళ జట్టుకు ఓపెనర్. మొదటి బంతి వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ళు "ఫుల్‌టాసే కదరా, లేపు!" అని అరిచారు. కర్ర గాలిని కోసింది. రెండోదీ అంతే. ఎనిమిది బంతుల్లో రెండు తగిలాయి, రెండూ వెనక్కి పోయాయి. వాడు కర్ర కింద పెట్టి చెమట తుడుచుకుంటూ, "టప్పా పడితే అది యేడికి లేస్తదో ఎరుకైతది సార్. ఇదైతే సూసుడే లేదు, కొట్టుడే" అన్నాడు. బేస్‌బాల్ మీద అంతకంటే సూటైన మాట నేను ఎక్కడా వినలేదు.

వాడు చెప్పింది లెక్క కట్టి చూద్దాం. పిచ్చర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గరి ప్లేట్ దాకా 18.44 మీటర్లు. మన పిచ్ పొడవు 20.12. గంటకు 153 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి, చెయ్యి వదిలాక బ్యాటర్‌ను చేరడానికి సుమారు 0.4 సెకన్లు. అందులో బ్యాటు తిప్పడానికే 0.15 సెకన్లు పోతాయి. మిగిలిన రెప్పపాటులో అది నేరుగా వస్తోందా, జారుతోందా, అసలు కొట్టవలసిన బంతేనా అన్నది తేల్చుకోవాలి. పైగా క్రికెట్ బ్యాటు వెడల్పు 10.8 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, ముఖం చదునుగా ఉంటుంది. బేస్‌బాల్ బ్యాటు గుండ్రంగా ఉండి, ఎంత లావైనా అడ్డంగా 6.6 సెంటీమీటర్లు దాటకూడదు. బంతి అడ్డుకొలత 7.3కు పైనే. అంటే బంతికంటే సన్నటి కర్రతో, గుండ్రటిదాన్ని గుండ్రటిదానితో కొట్టాలి. వెంట్రుకవాసి కింద తగిలితే బంతి నెత్తిమీదికి లేస్తుంది, వెంట్రుకవాసి పైన తగిలితే నేలమీద దొర్లుతుంది.

ఈ విద్య మన చేతులకు పూర్తిగా కొత్తదేమీ కాదు. క్రికెట్ బ్యాట్లు రాకముందు మన పల్లెల్లో ఆడింది చిర్రగోనె. నేలమీద చిన్న గుంత తవ్వి, రెండు కొసలూ చెక్కిన చిర్రను దానిమీద పెట్టి, గోనెతో కొసను తడితే అది గిరగిరా పైకి లేస్తుంది. కిందపడేలోపు గాలిలోనే దాన్ని బాదాలి. టప్పా లేదు, చూసుకునే తీరిక లేదు. ఎంత దూరం పోతే గోనెతో అన్ని కొలతలు. కృష్ణా తీరంలో ఇదే ఆట బిళ్ళంగోడు. అర్జున్ తల్లిదండ్రుల తరం విజయవాడలో అది తెలియని గల్లీ ఉండి ఉండదు.

బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాటింగ్‌కు వచ్చి మూడుసార్లు హిట్ కొట్టేవాడు మొనగాడు. ఏడుసార్లు ఖాళీ చేతులతో వెనక్కి నడవాలి. ఆ సగటును .300 అని రాస్తారు. పెద్ద లీగ్‌లోని అమెరికన్, నేషనల్ విభాగాల్లో ఒక సీజన్ మొత్తం పదికి నాలుగు చొప్పున కొట్టిన చివరి మనిషి టెడ్ విలియమ్స్. అది 1941, సగటు .406. ఎనభై ఏళ్ళు దాటినా ఇంకొకరు రాలేదు. మన క్రికెట్‌లో సున్నాకు ఔటైన బ్యాటర్ రెండో ఇన్నింగ్స్ దాకా, ఒక్కోసారి వచ్చే వారం దాకా, ఆ సున్నాను మోస్తూ తిరగాలి. బేస్‌బాల్‌లో మరో గంటలోపే మళ్ళీ పిలుపు వస్తుంది. అలా రోజుకు నాలుగైదుసార్లు. ఓడిపోవడానికీ, వెంటనే లేచి నిలబడటానికీ అంత తరచుగా అవకాశమిచ్చే ఆట మరొకటి నాకు తెలియదు.

కాలేజీ మాటకొద్దాం, ఎందుకంటే తెలుగిళ్ళలో ముందు అడిగేది అదే. డ్రాఫ్ట్ నాటికి అర్జున్‌కు ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఆడేందుకు చోటు ఖాయమై ఉంది. నిబంధన ఏమిటంటే, నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడేళ్ళు గడిచేదాకా లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా మళ్ళీ డ్రాఫ్ట్‌లోకి రాకూడదు. కాబట్టి హైస్కూల్ అయిపోయిన ఆ జూలైలోనే తేల్చుకోవాలి, చదువా, ఆటా అని. ఇక్కడ హన్మకొండలో అదే జూలైలో ఇంటింటా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ నడుస్తుంటుంది. తల్లిదండ్రులు పిల్లల పక్కన కూర్చుని వెబ్ ఆప్షన్లు పెడుతుంటారు, ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి వెనక అని. ఆ గదిలో లేచి "నాకు సీటొద్దు, నేను బస్సుల్లో తిరుగుతూ ఆడుకుంటా" అనే పిల్లవాణ్ణి ఊహించండి. అర్జున్ బ్లూ జేస్‌తో 30 లక్షల డాలర్లకు సంతకం చేశాడు. అప్పటి లెక్కన 24 కోట్ల రూపాయలకు పైనే. అంత డబ్బు చూస్తే నిర్ణయం తేలికేనని అనిపించొచ్చు. నాకలా అనిపించదు. 17 ఏళ్ళవాడు ఒక్కసారే దొరికే కాలేజీ రోజుల్ని పక్కన పెడుతున్నాడు, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు అందుకు తలూపారు. విజయవాడ నుంచి వెళ్ళిన కుటుంబంలో ఆ తలూపడం ఎంత బరువైనదో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో దారిలో వెళ్ళినవాడూ ఉన్నాడు. కుమార్ రాకర్, తల్లి భారతీయ మూలాలున్న అమెరికన్. ఇతను బ్యాటర్ కాదు, పిచ్చర్. 2018లో కొలరాడో రాకీస్ 38వ రౌండ్‌లో పిలిస్తే కాదని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. 2019లో, మొదటి ఏడాదిలోనే, డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆటలోకి కొట్టనీయకుండానే వెనక్కి పంపాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ పేరుగా పిలిచి, వైద్యపరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. 2022లో టెక్సస్ రేంజర్స్ 3వ పేరుగా పిలిచింది. 2023లో మోచేతికి ఆపరేషన్. చివరికి 2024 సెప్టెంబర్ 12న పెద్ద లీగ్‌లో మొదటి ఆట. కాలేజీ దారీ సాఫీగా లేదు, హైస్కూల్ దారీ సాఫీగా లేదు.

కాలేజీ వీరుల సంగతి చెప్పుకుంటే రాబిన్ వెంచురాను వదలకూడదు. 1987లో ఒక్లహామా స్టేట్ యూనివర్సిటీకి ఆడుతూ వరసగా 58 ఆటల్లో హిట్ కొట్టాడు. ఒక్క ఆట కూడా ఖాళీ పోలేదు. మరుసటేడు డ్రాఫ్ట్‌లో 10వ పేరుగా చికాగో వైట్ సాక్స్ తీసుకుంది. అయినా 1989లో బర్మింగ్‌హామ్ అనే ఊళ్ళో డబుల్ ఏ ఆడవలసి వచ్చింది. ఆ తర్వాత 1990లో పెద్ద లీగ్‌లో మొదటి పూర్తి సీజన్. అక్కడ ఏమైందో తెలుసా? వరసగా 41 సార్లు ఒక్క హిట్ కూడా పడలేదు. యాభై ఎనిమిది ఆటలు ఆపలేకపోయిన చేయి అదే, బ్యాటూ దాదాపు అదే. పెద్ద లీగ్ పిచ్చర్లు వేసే బంతులే వేరు. 41 దాటాక తేరుకున్నాడు. 2004 దాకా ఆడి 294 హోం రన్లు కొట్టాడు.

బ్యాటు "దాదాపు అదే" అన్నాను గాని కాదు. కాలేజీల్లో లోహపు బ్యాట్లు వాడతారు, వృత్తి క్రికెట్‌లో విల్లోలాగా వృత్తి బేస్‌బాల్‌లో చెక్క తప్పనిసరి. లోహపు బ్యాటుకు బంతి పిడి దగ్గర తగిలినా దూరం పోతుంది. చెక్క బ్యాటుకు అక్కడ తగిలితే చేతులు జివ్వుమంటాయి, బ్యాటు రెండు ముక్కలవుతుంది. కాలేజీలో హోం రన్లు కురిపించినవాడు మైనర్ లీగ్‌లో మొదటి వారమే చీలిన బ్యాట్లు ఏరుకోవడం మామూలే. 2011 నుంచి కాలేజీ లోహపు బ్యాట్లు కూడా చెక్క స్థాయికి మించి బంతిని తోయకూడదని కొలతలు బిగించారు.

మెట్లే ఎక్కకుండా నేరుగా పైకి ఎగిరినవాడూ ఒకడున్నాడు, పీట్ ఇంకవీలియా. 1985లో అదే ఒక్లహామా స్టేట్‌కు ఒక్క సీజన్లో 48 హోం రన్లు కొట్టాడు, ఆ రికార్డు ఇప్పటికీ నిలిచే ఉంది. 1986లో మైనర్ లీగ్‌లో ఒక్కరోజైనా ఆడకుండా టెక్సస్ రేంజర్స్‌లోకి దిగి 30 హోం రన్లు కొట్టాడు, 185 సార్లు స్ట్రైకౌట్ కూడా అయ్యాడు.

ఇంకొకటి. వెంచురా ఆడిన బర్మింగ్‌హామ్ జట్టులోనే ఐదేళ్ళ తర్వాత, 1994లో, ఒక కొత్త కుర్రాడు చేరాడు. వయసు 31. పేరు మైకేల్ జోర్డాన్. బాస్కెట్‌బాల్‌లో లోకాన్ని ఏలిన మనిషి డబుల్ ఏలో 127 ఆటలాడి .202 సగటు, 3 హోం రన్లతో సరిపెట్టుకున్నాడు. వయసులో తనకంటే చిన్నవాళ్ళతో కలిసి బస్సుల్లో తిరిగాడు. అతన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. నాకు మాత్రం డబుల్ ఏ అంటే ఏమిటో లోకానికి చెప్పిన మనిషి అతనే.

ఒక మెట్టు మీద మొనగాడు పై మెట్టు మీద తడబడటం ఆర్‌ఈసీలో చదివినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. 1959లో కాజీపేట దారిలో పెట్టిన ఆ కాలేజీని ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నా మన ఊళ్ళో చాలామంది నోట ఇంకా ఆర్‌ఈసీయే. అక్కడ చేరే ప్రతివాడూ వాళ్ళ స్కూల్లో ఫస్టు. మొదటి మిడ్ పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజు ఆ ఫస్టులందరిలో ఎవరో ఒకరు లాస్టు. హాస్టల్లో ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్ని నేను ఎరుగుదును. మైనర్ లీగ్‌లో ఆ మొదటి మిడ్ పరీక్ష రోజూ ఉంటుంది, మార్కులు మర్నాడు పేపర్లో పడతాయి.

జీతాల మాట. 2023కు ముందు సింగిల్ ఏ ఆటగాడికి ఏడాదికి 11,000 డాలర్లు. అమెరికాలో దాంతో అద్దె గది కూడా గగనమే. ఐదారుగురు ఒకే అపార్ట్‌మెంట్‌లో నేలమీద పరుపులేసుకుని పడుకునేవాళ్ళు. ఆటగాళ్ళు సంఘంలో చేరి బేరమాడాక, 2023 మార్చిలో కుదిరిన ఒప్పందంతో సింగిల్ ఏకి 26,200, హై ఏకి 27,300, డబుల్ ఏకి 30,250, ట్రిపుల్ ఏకి 35,800 డాలర్లయ్యాయి. అంతకు ముందేడే, 2022 నుంచి, వసతి క్లబ్బులే ఇస్తున్నాయి. 2023లో పెద్ద లీగ్‌లో కనీస జీతం 7,20,000 డాలర్లు. ఒక్క మెట్టుకు ఇరవై రెట్ల తేడా. అర్జున్ లాంటి తొలి రౌండ్ వాళ్ళకు సంతకం డబ్బు ఆసరా ఉంటుంది. పక్క లాకర్లో ఉన్న పద్దెనిమిదో రౌండ్ కుర్రాడికి ఉండదు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీటు వెడల్పులో పడుకుంటారు.

ఆ మెట్ల మీదే జీవితం గడిపినవాడి పేరు మైక్ హెస్మన్. 1996లో హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్ అయ్యాడు. అమెరికా మైనర్ లీగ్‌లలో 433 హోం రన్లు కొట్టి, బజ్ ఆర్లెట్ పేరిట చాలా దశాబ్దాలుగా ఉన్న 432 రికార్డును 2015 ఆగస్టులో దాటేశాడు. పెద్ద లీగ్‌లో ఆడినవి 109 ఆటలు, 14 హోం రన్లు. 433 అక్కడ, 14 ఇక్కడ.

మన దగ్గర ఆ జాతి మనిషి డాక్టర్ ఎం.వి. శ్రీధర్. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో ఆంధ్ర జట్టు మీద 366 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ 6 వికెట్లకు 944, రంజీల్లో నేటికీ అదే అత్యధిక స్కోరు. భారత జట్టు టోపీ ఆయన తలకెక్కలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2024 జనవరి 26న, తన్మయ్ అగర్వాల్ హైదరాబాద్ తరఫున 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు, ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోనే అతి వేగవంతమైనది. మరునాడు ఔటయ్యేసరికి స్కోరు ఎంతో చూడండి: సరిగ్గా 366. ఎదుటి జట్టు అరుణాచల్ ప్రదేశ్. అంతకు ముందు సీజన్లో అడుగున నిలిచి హైదరాబాద్ ప్లేట్ గ్రూపుకు, అంటే కింది మెట్టుకు, జారిన ఏడాది అది. ఆ సీజన్లోనే గెలిచి మళ్ళీ పైకొచ్చింది.

కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ సెలక్షన్లకు వెళ్ళే మన పిల్లల్ని చూసినప్పుడు నాకొక కోరిక. మధ్యలో మెట్లుండాలి. హై ఏ జట్టు ఒక సీజన్లో 132 ఆటలాడుతుంది. ఇక్కడ రెండు రోజుల సెలక్షన్లో రెండు బంతులు ఎడ్జ్ తీసుకున్న జిల్లా కుర్రాడికి మూడో రోజంటూ ఉండదు.

మన దేశం నుంచి బేస్‌బాల్‌కు వెళ్ళినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 2008లో ఒక టీవీ పోటీలో ముందు నిలిచిన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు రింకు సింగ్, దినేష్ పటేల్‌లతో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకుంది. ఇద్దరూ ఈటె విసిరేవాళ్ళు, ఇద్దరినీ తీసుకున్నది పిచ్చర్లుగానే. విసిరే చెయ్యిని వేగం కొలిచే యంత్రంతో ఏ మైదానంలోనైనా ఒక్కరోజులో పట్టేయొచ్చు. కొట్టే కన్నును అలా పట్టలేరు, అది చిన్నప్పటి నుంచి వేల బంతులు చూస్తేనే తయారవుతుంది. అందుకే బ్యాటర్‌గా తొలి రౌండ్ దాకా వచ్చిన మనవాడు ఫ్లోరిడాలో పుట్టి పెరిగినవాడు.

అర్జున్ పేరు చదివిన నాలుగు రోజులకు, 2023 జూలై 13న, డాలస్ పక్కన గ్రాండ్ ప్రైరీలో అమెరికా మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. ఆ స్టేడియం అంతకుముందు ఎయిర్‌హాగ్స్ అనే బేస్‌బాల్ జట్టుది, పెద్ద క్లబ్బులతో సంబంధం లేని స్వతంత్ర లీగ్ జట్టు. ప్లేటూ బేసులూ తీసేసి మధ్యలో పిచ్ వేశారు. మరుసటేడు జూన్ 6న అక్కడే టీ20 ప్రపంచకప్‌లో అమెరికా, పాకిస్థాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించింది. డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళలో వరంగల్ వాళ్ళకు కొదవలేదు. మా బాబాయి కొడుకు ఆ మైదానంలోనే మ్యాచ్ చూసి, బయట దుకాణంలో నాకు ఆ 108 కుట్ల బంతి కొన్నాడు.

2025 వేసవంతా నాకొక అలవాటు పట్టుకుంది. వాంకూవర్‌లో రాత్రి ఏడింటికి ఆట మొదలైతే మనకు మర్నాడు పొద్దున ఏడున్నర. అక్కడి నాట్ బెయిలీ స్టేడియం 1951లో కట్టినది, చుట్టూ చెట్లు. ఇక్కడ మా గల్లీలో స్కూలు ఆటోలు హారన్ కొడుతుంటాయి. పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టేలోపు ఫోన్లో చూస్తే అర్జున్ రెండోసారి బ్యాటింగ్‌కు వచ్చి ఉంటాడు. ఒక్కోరోజు నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ ఖాళీ. మైనర్ లీగ్‌కు సోమవారం సెలవు, అంటే మన మంగళవారం పొద్దున స్కోరుండదు. బుధవారం ఏడున్నరకు మళ్ళీ తెరిస్తే, బ్యాటింగ్ వరుసలో నిమ్మల పేరు ఉంటుంది.